జబ్బు పొట్టకి, సూది జబ్బకి: పుష్కరాల అధికారులకి ఒక బహిరంగ లేఖ

కోనసీమ జిల్లా వైద్య ఆరోగ్యాధికారి గారికి, 2027 గోదావరి పుష్కరాలకి ఆరోగ్య ఏర్పాట్లు చూస్తున్న పెద్దలందరికీ నమస్కారమండి. పుష్కరాలకి ముందు కలరా టీకా వెయ్యాలా, వేస్తే ఎలా వెయ్యాలి అన్నదాని మీద ఈ లేఖ.

1986 ఆగస్టు వరదప్పుడు నాకు పాతికేళ్లు. గౌతమి పాయ పక్కనున్న ఒక లంకలో ఏఎన్ఎంగా చేరి మూడేళ్లయింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులకి చేరిందన్న కబురు మాకు అందేసరికే సబ్‌సెంటరు కిటికీల దాకా నీళ్లొచ్చేశాయి. జనాన్ని ఏటిగట్టు మీదున్న బడిలోకి చేర్చారు. నీళ్లు తీశాక పైనుంచి కలరా టీకా సీసాలొచ్చాయి. కిరసనాయిలు స్టవ్వు మీద గాజు సిరంజిలు, సూదులు మరగబెట్టడం, పట్టకారుతో తీసి ఆరబెట్టడం, వరసలో నించున్నవాళ్లకి పొడవడం. మొద్దుబారిన సూదిని సానరాయి మీద నూరి మళ్లీ వాడేవాళ్లం. సాయంత్రానికి నా బొటనవేలు బొబ్బ కట్టింది.

ఆ వరసలో ఒక మామ్మగారు చెయ్యి చాపినట్టే చాపి వెనక్కి లాక్కుంది. "ఏవమ్మా, జబ్బొచ్చేది పొట్టకి, నువ్వు పొడిచేది జబ్బకి. మందు పొట్టలోకి ఎలా పోద్ది?" అంది. వరసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వేసి, "రక్తంలో కలిసి అన్నిచోట్లకీ వెళ్తుంది మామ్మా" అన్నాను. ట్రైనింగులో మాకు చెప్పింది అదే. ఆవిడ ఒప్పుకోలేదు గాని సూది మాత్రం వేయించుకుంది.

రెండు నెలలు తిరక్కుండానే, నేను సూది వేసిన మూడేళ్ల పిల్లాణ్ణి తల్లి భుజాన వేసుకుని తెల్లవారుజామున వచ్చింది. బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు. కళ్లు లోపలికి పీక్కుపోయాయి, పొట్ట మీద చర్మం పట్టి లాగితే మడత అలాగే నిలబడిపోతోంది. చెంచాతో ఓఆర్ఎస్ పడుతూ నాటు పడవలో ఆసుపత్రికి చేర్చాం. బతికాడు. పడవలో ఆ తల్లి నన్ను ఒకే ఒక్క మాట అడిగింది: "సూది వేయించాను కదమ్మా?"

అది కలరానో కాదో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆసుపత్రిలో ఎవరూ శాంపిల్ తీయలేదు, తీయమని నేనూ అడగలేదు. ఈ సంగతి కింద మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మామ్మగారికి సరైన జవాబు నాకు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. మా అమ్మాయి మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతుంది. రిటైరయ్యాక దాని పుస్తకాలు ముందేసుకుని, అర్థం కానిది దాన్నే అడుగుతూ కూర్చున్నాను. మొదట తెలుసుకున్న పేరు శంభునాథ్ డె. కలరా క్రిమి ఏదో విషం విడుస్తుందని జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1884లోనే ఊహించాడు. ఆ విషం కోసం వెతికినవాళ్లు జంతువుల ఒంట్లోకి సూదులతో ఎక్కించి చూశారు, జబ్బు రాలేదు. కలకత్తాలో డె గారు కుందేలు పేగులో కొంత మేర రెండు చివర్లా దారంతో కట్టి, క్రిములు లేకుండా వడగట్టిన ద్రవాన్ని ఆ పేగు లోపలే పెట్టారు. పేగు నీళ్లతో ఉబ్బిపోయింది. 1959లో అది అచ్చయింది. మన దేశంలో, మన జబ్బు మీద జరిగిన పని అండి ఇది. నా ట్రైనింగు పుస్తకంలో ఆయన పేరే లేదు. విషాన్ని ఏ దారిన పంపాలన్నది దాన్ని కనిపెట్టడంలోనే అంత ముఖ్యమైతే, దాన్ని ఆపడంలో ఇంకెంత ముఖ్యమో చూడండి.

ఆ విషం పనితీరు డెల్టా వాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. మన కాలువల మీద లాకులున్నట్టే పేగు గోడలోని ప్రతి కణానికీ ఉప్పూ నీళ్లూ ఎంత వదలాలో చూసుకునే ఏర్పాటుంది. కలరా విషంలో రెండు భాగాలు. 'బి' అనేవి అయిదు, చుట్టూ రింగులా ఉంటాయి. వాటి పనల్లా కణం పైపొరకి అతుక్కోవడం. మధ్యలో ఒక్కటి 'ఎ'. అది లోపలికి దూరి లాకు తలుపు తెరిచిన చోటే బిగించేస్తుంది, మళ్లీ మూతపడదు. ఉప్పు బయటికి పోతుంది, దాని వెంట నీళ్లు. ముదిరితే గంటకి లీటరు దాకా పోతాయి. గ్లూకోజుతో కలిపి ఉప్పుని లోపలికి లాక్కునే ఇంకో తలుపు మాత్రం చెడిపోదు. ఓఆర్ఎస్ పనిచేసేది దాని దయ వల్లే.

అసలు సంగతేమిటంటే, ఈ విషం రక్తంలోకి పోదు. పేగు లోపలి పొర మీద దిగుతుంది, అక్కడే పని ముగించుకుంటుంది. మనిషిని చంపేది విషం కాదు, నీళ్లు పోవడం.

దీన్ని నేను గొర్రెల దగ్గర ఇంకా బాగా నేర్చుకున్నాను. మా బావగారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశారు. కోతలయ్యాక మెట్ట నుంచి గొల్లలు మందలు తోలుకొచ్చి మా చేలల్లో ఎరువు కోసం పెడతారు కదా. తొలకరికి లేత గడ్డి కడుపునిండా మేసిన గొర్రె, అదీ మందలో బలంగా ఉన్నది, ఉన్నట్టుండి గిలగిల కొట్టుకుని చచ్చిపోతుంది. చిటుకు రోగం. అదీ పేగులో పుట్టే విషమే, అదీ బాక్టీరియా విడిచేదే. దానికి మాత్రం వానలకి ముందు చర్మం కింద సూది వేస్తే చక్కగా ఆగుతుంది. మొదటిసారి వేసినప్పుడు రెండు వారాలకి బూస్టరు, ఆపైన ఏడాదికోసారి. చూడి గొర్రెకి వేస్తే జున్నుపాల ద్వారా పిల్లకీ కొంత రక్షణ వస్తుంది.

మరి గొర్రెకి పనిచేసే సూది మనిషికి ఎందుకు పనిచేయలేదు అని బావగారిని అడిగితే, "దాని విషం పేగులో పుట్టినా చంపేది మెదడు దగ్గరమ్మా" అన్నారు. నిజమే. చిటుకు విషం పేగు గోడ దాటి రక్తంలో కలుస్తుంది, మెదడుకీ మూత్రపిండాలకీ చేరుతుంది. సూది వల్ల రక్తంలో తయారైన యాంటీబాడీలు దానికి దారిలోనే ఎదురుపడతాయి. ధనుర్వాతమూ అంతే, డిఫ్తీరియా కూడా అంతే. అందుకే నా చేత్తో గర్భిణులకి వేసిన వేల టీటీ సూదుల గురించి నాకు ఏ దిగులూ లేదు. కలరా విషం ఆ దారికే రాదు. రక్తంలో ఎంత సైన్యముంటే ఏం, దొంగ వీధిలోనే పని కానిచ్చుకు పోతుంటే?

వీధిలో కాపలా కాసేది వేరే రకం యాంటీబాడీ. ఐజీఏ అంటారు. రెండేసి కలిసి, పేగు రసాలు తినెయ్యకుండా ఒక తొడుగు వేసుకుని, గోడ దాటి పేగు లోపలికి వస్తుంది. దాన్ని తయారుచేసే కణాలు ఎక్కడ పాఠం నేర్చుకుంటాయన్నదే మామ్మగారి ప్రశ్నకి జవాబు. చిన్నపేగు గోడలో పేయర్ మచ్చలని ఉంటాయి. పేగులోంచి వచ్చిన సరుకుని రుచి చూసి గుర్తుపట్టే చోటు అది. అక్కడ తయారైన కణాలు గ్రంథుల్లోంచి రక్తంలోకి పోయి, ఊరంతా తిరిగి మళ్లీ పేగుకే వచ్చేస్తాయి. పేగు చిరునామా వాటి ఒంటి మీద రాసి ఉంటుంది. మా లంక కుర్రాళ్లు హైదరాబాదులో ఉన్నా సంక్రాంతికి రేవు దగ్గర దిగిపోతారు చూడండి, అలాగ. చెయ్యి మీద సూది వేస్తే పాఠం చంక గ్రంథుల్లో జరుగుతుంది. అక్కడ చదువుకున్న కణాలకి పేగు దారి సరిగా తెలియదు.

ఇది ఊహ కాదు. బంగ్లాదేశ్‌లో 1974లో కలరా విషాన్ని నిర్వీర్యం చేసి, ధనుర్వాతం టీకా లాగే, సూదిగా ఇచ్చి చూశారు. రక్షణ అంతంతమాత్రంగానే దొరికింది. అంతకు ముందే, 1973లో, ప్రయాణికులకి కలరా టీకా సర్టిఫికెట్ ఉండాలన్న నిబంధనని ప్రపంచ ఆరోగ్య సభ ఎత్తేసింది. అంటే మేం ఏటిగట్టు మీద సూదులు నూరుతున్న నాటికి ఆ సూది పరువు పోయి పదమూడేళ్లు. మాకెవరూ చెప్పలేదు.

అలాగని మా సూదులన్నీ గోదాట్లో పోసినట్టే అనుకుని చాన్నాళ్లు బాధపడ్డాను గాని, సంగతి అంత తేలిక కాదు. పాత కలరా సూది కొన్ని నెలలపాటు సుమారు సగంమందిని కాపాడేది. జబ్బకి వేసిన సూది ఆ సగాన్నైనా ఎలా కాపాడింది? దీనికి నాకు దొరికిన జవాబు తల్లిపాలలో ఉంది. స్వీడన్ శాస్త్రవేత్తలు 1980లో ఒక పరిశీలన అచ్చేశారు. పాకిస్తాన్ బాలింతలకీ స్వీడన్ బాలింతలకీ ఒకే కలరా సూది వేసి పాలు పరీక్షించారు. పాకిస్తాన్ తల్లుల పాలలో కలరా మీద ఐజీఏ పెరిగింది. స్వీడన్ తల్లులకి అలా రాలేదు. తేడా సూదిలో లేదు. మన వైపు తల్లుల పేగులు చిన్నప్పట్నుంచీ అలాంటి క్రిములని ఎన్నిసార్లు చూసుంటాయో! మొదటి పాఠం నోటి దారిన ఎప్పుడో అయిపోయింది. సూది ఆ పాఠాన్ని గుర్తుచేసిందంతే. స్వీడన్ తల్లులకి గుర్తుచేయడానికి పాఠమే లేదు.

అందుకని మొదటి డోసుకి దారి ముఖ్యం, బూస్టరుకి అంతకుముందు ఏం జరిగిందన్నది ముఖ్యం. మన ఆశా కార్యకర్తలు ఇది రోజూ చేస్తూనే ఉన్నారు, కారణం మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. పోలియోకి నోట్లో చుక్కలూ వేస్తారు, చేతి చర్మంలోకి ఐపీవీ అనే పోలియో సూది కూడా ఇస్తారు. అది వైరస్సే అనుకోండి, విషం కాదు. అయినా వెల్లూరులో చేసి 2014లో అచ్చేసిన పరిశీలన ఇదే చెప్పింది: అంతకుముందు చుక్కలు వేసుకున్న పిల్లలకి ఐపీవీ సూది ఇస్తే పేగులో రక్షణ మళ్లీ లేచింది. చుక్కలు పడని పేగులో సూది ఒక్కటే ఆ పని సరిగా చేయదని వేరే పరిశీలనల్లో తేలింది.

ఈ లెక్కన ఆ వరసలో నేను పొడిచిన పెద్దవాళ్లకి అంతో ఇంతో మేలు జరిగే ఉంటుంది. మామ్మగారికైతే ఎన్ని పుష్కరాల నీళ్లు తాగిన పొట్టో, తప్పకుండా. మోసపోయింది మూడేళ్ల పిల్లాడు.

ఇప్పుడు మీకు కావలసిన విషయానికి వస్తాను. నేడు కలరాకి నోటి టీకాలున్నాయి. 1985లో బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో రెండు రకాలు పోల్చారు. ఒకటి చంపిన క్రిములు మాత్రమే, రెండోది ఆ క్రిములకి తోడు విషంలోని 'బి' భాగం కూడా. ఆ భాగం ఒక్కటే ఉంటే హాని లేదు, అతుక్కుంటుంది గాని లోపలికి దూరదు. మొదటి ఆర్నెల్లూ 'బి' ఉన్నది 85 శాతం కాపాడింది, లేనిది 58 శాతం. మూడేళ్లు తిరిగేసరికి రెండూ 50 దగ్గరే ఆగాయి. విషం మీద వచ్చే రక్షణ గట్టిగా వస్తుంది, తొందరగా తరిగిపోతుంది. క్రిమి మీద వచ్చేది నెమ్మదిగా నడిచే ఎద్దు. 'బి' ఉన్న టీకాకి ఇంకో లాభం, ఈ-కోలైలో ఒక జాతి విడిచే విషం కలరా విషానికి తోబుట్టువు లాంటిది కాబట్టి ఆ విరేచనాలని కూడా కొన్ని నెలలు కొంత ఆపుతుంది. కాని కడుపులో ఆమ్లానికి 'బి' చెడిపోతుంది. సోడా పొడి కలిపిన నీళ్లతో తాగించాలి, ముందొక గంట వెనకొక గంట ఏమీ తినకూడదు. ఖరీదు కూడా ఎక్కువే. ఏటిగట్టు మీద వరసలో అది కుదిరే పని కాదు, ఆ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను.

మనకి కుదిరేది 'బి' లేని చవక రకం. షాంకాల్ పేరుతో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు చేసి 2009లో అనుమతి పొందింది ఇదే. వాళ్లు తయారీ ఆపేశాక ఇప్పుడు మళ్లీ హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ 2024లో హిల్‌కాల్ తెచ్చింది. నోట్లో పోయడమే, సోడా అక్కర్లేదు. షాంకాల్‌ని కలకత్తాలో 2006లో పద్నాలుగు రోజుల తేడాతో రెండు డోసులిచ్చి అయిదేళ్లు చూశారు. మొత్తమ్మీద 65 శాతం రక్షణ. విడదీసి చూస్తే పదిహేనేళ్లు దాటినవాళ్లలో 74, అయిదేళ్ల లోపు పిల్లల్లో 42.

ఢాకాలో ఒక్క డోసే ఇచ్చి చూసినప్పుడు ఆర్నెల్లకి మొత్తమ్మీద 40 శాతం రక్షణ వస్తే, అయిదేళ్ల లోపు వాళ్లలో 16 మాత్రమే. ఎందుకో మీకీపాటికి తెలిసిపోయి ఉంటుంది. పెద్దవాళ్లకి ఆ ఒక్క డోసు నిజానికి బూస్టరే. పసివాళ్లకి అది మొదటి పాఠం, రెండోసారి చెప్పకపోతే నిలవదు. టీకా కొరత వల్ల 2022 అక్టోబరు నుంచి ప్రపంచమంతా జబ్బు పాకిన చోట్ల ఒక్క డోసుతో సరిపెడుతున్నారు. నిప్పంటుకున్నప్పుడు అది తప్పదు, నేనేం తప్పుపట్టను. కాని పుష్కరాలు నిప్పంటుకోవడం కాదు కదండి, పన్నెండేళ్ల ముందు నుంచే తెలిసిన తేదీ.

2027 జూన్ నెలాఖరుకి జనం వస్తారు. రాజమండ్రితో ఆగరు, కోటిపల్లి, అంతర్వేది, యానాం రేవులన్నీ నిండుతాయి. వెనకాలే వరదల కాలం. అంతకు ముందు వేసవంతా కాలువలు కట్టేసి ఉంటాయి, ఊరి మంచినీళ్ల చెరువు అడుగంటి పచ్చగా ఉంటుంది. మా వైపు ఉప్పునీరు కలిసే మొగల దగ్గర కలరా క్రిమికి ఊపిరాడడానికి వేరే ఏర్పాట్లేం అక్కర్లేదు. నీటిలోని చిన్న చిన్న పురుగుల పెంకులకి అంటిపెట్టుకుని బతికే జాతి అది.

నేనేమీ జిల్లా మొత్తానికి టీకా వేసెయ్యమనడం లేదు. ముందు తెలుసుకోండి. ప్రతి వానాకాలం పేపర్లో 'డయేరియా ప్రబలింది' అని వస్తుంది, వైద్య శిబిరం పెడతారు, సెలైన్లు కడతారు, క్లోరిన్ బిళ్లలు పంచుతారు, అయిపోతుంది. ఏ క్రిమి, ఏ విషం అన్నది ఊరికి తిరిగి రాదు. యాంటీబయాటిక్ పడకముందే దూది పుల్లతో శాంపిల్ తీసి, ల్యాబుకి చేరేదాకా క్రిమి చావకుండా చూసే క్యారీ-బ్లెయిర్ గొట్టంలో పెట్టి పంపడం ఏఎన్ఎం చేయగల పనే. గొట్టాలు సబ్‌సెంటర్లో ఉండాలి, అంతే. నా ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో నా బీరువాలో అవి ఎన్నడూ లేవు. ఈ వానాకాలంలో లంక మండలాల సబ్‌సెంటర్లకి పదేసి గొట్టాలు ఇప్పించండి. ఫలితం ఏదైనా సరే, పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించండి.

కలరా అని తేలిన ఊళ్లుంటే అక్కడ పుష్కరాలకి ముందు టీకా ఆలోచించండి. ఆలోచిస్తే రెండో డోసుతో కలిపి ఆలోచించండి. రెండో డోసు పడ్డాక వారానికిగాని పేగు సిద్ధం కాదు. వెనక్కి లెక్కేసుకుంటే మొదటి డోసు మే నెలాఖరు దాటకూడదు. రెండో డోసు నాటికి సగంమంది ఉండరు, ఇది నా నోటి మాట కాదు, మీ రిజిస్టర్లు తీసి ఏ టీకాకైనా చూడండి. మగవాళ్లు చెరువుల పనికి భీమవరం వైపు వెళ్తారు, ఆడవాళ్లు కొబ్బరి వలుపులకో రొయ్యల ప్లాంటుకో తెల్లారే వెళ్లిపోతారు. సాయంత్రం ఆరు తర్వాత రేవు దగ్గర కూర్చుంటేనే దొరుకుతారు. పిల్లలు నోట్లో పోసింది ఉమ్మేస్తారు, అందుకని అదనంగా నాలుగు సీసాలు ఉంచుకోవాలి. ఆపైన రక్షణ తరిగే నాటికి బూస్టరు ఎవరు వేస్తారు, పేర్లు ఏ పుస్తకంలో ఉంటాయన్నది కూడా మొదటి రోజే రాసుకోవాలి.

స్నానాల రేవుల దగ్గర మాత్రం టీకా బల్లలు పెట్టకండి. మునిగే రోజున నోట్లో పోస్తే ఎవరి ఫొటోకో పనికొస్తుందేమో గాని, పేగుకి కాదు. ఆ డబ్బుతో మంచినీళ్లు, మరుగుదొడ్లు, ఓఆర్ఎస్ పెట్టండి. ఇంకో మాట, వరదొచ్చిన ప్రతిసారీ జనం 'సూది వెయ్యండి' అని అడుగుతారు, ఊళ్లో ఆర్ఎంపీ ఏదో ఒకటి పొడుస్తాడు. దానికి కోప్పడి లాభం లేదు. అడిగే అలవాటు చేసింది మేమే.

నోటి టీకా కూడా దేవుడేం కాదని నాకు తెలుసు. మాటిమాటికీ విరేచనాలయ్యే పిల్లల పేగు సగం పాఠమే వింటుంది. రోటా వైరస్ విరేచనాలు రాకుండా 2016 నుంచి మన రాష్ట్రంలో వేస్తున్న రోటా చుక్కలు ధనిక దేశాల పిల్లల్లో పనిచేసినంతగా మన పిల్లల్లో పనిచేయకపోవడానికి అదొక కారణం. చెరువు బాగుపడకుండా చుక్కలొక్కటే బాగుచేయవు. చెరువు పని మీ శాఖది కాదంటారు, తెలుసు. పుష్కరాల మీటింగులో చెరువుల శాఖ వాళ్లు మీ పక్క కుర్చీలోనే ఉంటారు కదా, ఈ కాగితం అటు జరపండి.

మీరు పిలిస్తే మీటింగుకి వస్తాను. 86 నాటి నా నోటుబుక్కు ఇంకా ఉంది, ఏ ఇంట్లో ఎవరికి సూది వేశానో పేర్లతో సహా. ఆ ఇళ్లలో ఇప్పుడు మనవలున్నారు, లిస్టు తయారుచేయడానికి పనికొస్తుంది. ఒక్కటే మనవి, తేదీ కాస్త ముందుగా చెప్పండి. నీళ్లు తగ్గే రోజుల్లో మా లంక నుంచి పంటు పొద్దున్న తొమ్మిదికి ఒకటే, మధ్యాహ్నం మూడుకి ఒకటే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్,
గౌతమి ఒడ్డు, కోనసీమ